చిన్న బల్బు, పెద్ద పరీక్ష

పరీక్షలనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేది పిల్లలే. తెల్లవారుజామున అలారం మోగడం, ఫ్లాస్కులో కాఫీ, దేవుడి గూట్లో హాల్‌ టికెట్టు, ఫలితాల రోజున ఇల్లంతా ఊపిరి బిగబట్టుకు కూర్చోవడం, ఇవన్నీ మనకు అలవాటైన ముచ్చట్లే. అయితే మోటారు సైకిళ్ళకు కూడా ఏటేటా పరీక్ష పెట్టి, పాసో ఫెయిలో కాగితం మీద రాసిచ్చి, ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో వరసగా చెప్పే దేశాలున్నాయి సుమండీ! ఆ ఫలితాలు దాచుకోవడానికి కూడా వీల్లేదు. ఎవరైనా చూడొచ్చు.

ఈ సంగతి నా చెవిన పడింది మా అక్కయ్య కొడుకు వల్ల. వాడు బ్రిటన్‌లో లెస్టర్‌ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. పాత మోటారు సైకిలొకటి కొనబోతూ, "పిన్నీ, ఈ బండి జాతకం చూడు" అని దాని నెంబరు నాకు పంపాడు. ఇక్కడ మా వంటింట్లో కూర్చుని ఆ నెంబరు కొట్టానో లేదో, అక్కడి ప్రభుత్వం వారి చిట్టా మొత్తం ఎదుటికొచ్చింది. ఏ యేడు పాసైంది, ఏ యేడు తప్పింది, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగింది, ఏ భాగం ఎలా ఉంది, అన్నీ ఉన్నాయి. 2005 నుంచీ జరిగిన పరీక్షల వివరాలు ఇలా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చట. పెళ్ళి సంబంధాలకు కూడా ఇలాంటి ఏర్పాటుంటే ఎంత బాగుండేదో అని మా వదినగారు నిట్టూర్చారు.

ఆ బండి రెండేళ్ళ కిందట ఒకసారి పరీక్ష తప్పింది. ఇంజను పాడై కాదు. ముందు బ్రేకు పట్టుకుంటే వెనక ఎర్ర దీపం వెలగలేదట! అంతే. బల్బు ఎదుటి మనిషికి కనపడే వస్తువు, దాని తీగె వెంట్రుక మందం ఉండదు. దాని కోసం అంత బండిని ఆపేశారా అని నాకు ముచ్చటేసింది. అక్కడి నుంచి కూపీ లాగుతూ పోతే, ఈ పరీక్షకు పెద్ద చరిత్రే ఉందని తేలింది. ఆ చరిత్రలో మన ఆడవాళ్ళు తెలుసుకోదగ్గ సంగతులు కూడా ఉన్నాయి.

బ్రిటన్‌లో ఈ పరీక్షను ఎం.ఓ.టి. అంటారు. మినిస్ట్రీ ఆఫ్‌ ట్రాన్స్‌పోర్ట్‌, అంటే రవాణా మంత్రిత్వ శాఖ అన్న మాటకు పొడి అక్షరాలు. చిత్రమేమిటంటే ఆ శాఖ ఆ పేరుతో 1970లోనే పోయింది. వేరే శాఖల్లో కలిసింది, విడిపోయింది, పేర్లు మార్చుకుంది. పరీక్ష పేరు మాత్రం జనం నోట అలాగే నిలిచిపోయింది. మనకు 1985లో మండలాలొచ్చినా, పెద్దవాళ్ళు ఇంకా "తాలూకా ఆఫీసు" అంటూనే ఉన్నారు చూడండి, అలాగన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌ రోడ్ల మీద తిరిగినవి చాలావరకు ముసలి బండ్లు. కొత్తవి కొనే శక్తి సామాన్య సంసారికి లేదు. చాలామందికి మోటారు సైకిలే కుటుంబ వాహనం. పక్కన తొట్టెలాగా సైడ్‌కారు తగిలించి, అందులో భార్యనూ పిల్లల్నీ కూర్చోబెట్టుకుని సముద్రపు ఒడ్డుకు షికారు వెళ్ళేవారు. "షోలే" సినిమాలో జై, వీరూ పాడుకుంటూ పోయే బండి గుర్తుంది కదా, అలాంటిదే. యుద్ధానికి ముందు కొన్న బండి, అరిగిన బ్రేకులు, మిణుకు మిణుకుమనే దీపం, పక్కన సంసారం! ఇవన్నీ చూసి 1956లో రోడ్డు రవాణా చట్టం చేసినప్పుడు, పాత బండ్లను పరీక్షించే అధికారం ప్రభుత్వానికి రాసిపెట్టారు.

చట్టం రాసినంత తేలిక కాదు కదా అమలు. నాలుగేళ్ళు గడిచాక, ఎర్నెస్ట్‌ మార్పుల్స్‌ అనే ఆయన రవాణా మంత్రిగా ఉండగా, 1960 సెప్టెంబరులో పరీక్షలు మొదలయ్యాయి. మొదట్లో పదేళ్ళు దాటిన బండ్లకు మాత్రమే. చూసేవి కూడా మూడే మూడు: బ్రేకులు, దీపాలు, స్టీరింగు. అంటే ఆగగలదా, కనపడగలదా, తిప్పిన వైపు తిరగగలదా? బండి అన్నాక ఇంతకంటే ప్రాథమికమైన ప్రశ్నలుంటాయా చెప్పండి? ఆ మూడింటికే బండ్లు కుప్పలుగా తప్పాయి. ఎంత ఎక్కువగా తప్పాయంటే, పదేళ్ళ దాకా ఆగడం మంచిది కాదని 1961 చివర్లోనే ఆ గడువును ఏడేళ్ళకు దించేశారు.

ఆ తర్వాత 1967లో దాన్ని మూడేళ్ళకు దించారు. ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. అప్పుడు రవాణా మంత్రి బార్బరా కాజిల్‌ అనే మహిళ. ఆవిడకు బండి నడపడం రాదు! బండి నడపడం రాని ఆడమనిషికి రోడ్ల సంగతి ఏం తెలుసునని వెటకారాలు చేసిన మగవాళ్ళకు లోటు లేకపోయింది. ఆవిడ లెక్కపెట్టలేదు. తాగి నడిపే వాళ్ళను పట్టుకోవడానికి ఊపిరి ఊదించి చూసే పద్ధతిని అమలు పెట్టిందీ ఆ 1967లోనే. నడిపేవాడికి తన చేతి మీద నమ్మకం ఉంటుంది. పక్కన కూర్చున్న వాళ్ళకు, రోడ్డు దాటే వాళ్ళకు కావలసింది బండి ఆగుతుందన్న నమ్మకం. ఈ రెండో నమ్మకం సంగతి చూడటానికి ఆవిడకు లైసెన్సు అవసరం రాలేదు.

అప్పటి నుంచి ఆ జాబితా పెరుగుతూ వచ్చింది. 1968లో టైర్లను చేర్చారు. 1977లో హారను, పక్క దీపాలు, పొగ గొట్టం వంటివి చేరాయి. ఇప్పుడైతే, కొత్త బండికి మూడేళ్ళు నిండాక ఏడాదికోసారి పరీక్ష తప్పదు. మోటారు సైకిలుకు రుసుము 29 పౌన్ల 65 పెన్నీలకు మించకూడదు. సైడ్‌కారుంటే కాస్త ఎక్కువ. పరీక్ష జరిగేది ప్రభుత్వం అనుమతి ఇచ్చిన మామూలు మెకానిక్‌ షెడ్లలోనే. గుమ్మానికి నీలం బోర్డు మీద మూడు తెల్ల త్రికోణాలుంటాయి, అదే గుర్తు.

ఇంకా చిత్రం, ముసలి బండ్ల కోసమని పుట్టిన ఈ పరీక్ష, మరీ ముసలి బండ్లను వదిలేసింది. పెద్దగా మార్పులు చెయ్యకుండా నలభై ఏళ్ళు దాటిన బండికి 2018 నుంచి పరీక్ష అక్కర్లేదు. అలాంటివి కన్నబిడ్డల్లా చూసుకునే వాళ్ళ దగ్గరే ఉంటాయనీ, ఎప్పుడో పండగకో పబ్బానికో తప్ప బయటికి రావనీ వాళ్ళ లెక్క.

సరే, ఈ పరీక్ష ఎలా చేస్తారో చూద్దాం. ఇందులో నాకు బాగా నచ్చిన నియమం, బండిలో ఏ భాగమూ విప్పకూడదు. చూసేవాడు కంటితో చూడాలి, చేత్తో కదిపి చూడాలి, చెవితో వినాలి. మనం బజారులో వంకాయ కొయ్యకుండానే పుచ్చో మంచిదో చెప్పడం లేదూ? అలాగే. ముందు చక్రం నేలకు తగలకుండా బండిని ఎత్తి నిలబెడతారు. హాండిలును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పుతారు. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు ఆగితే, లోపల బేరింగులు అరిగాయన్నమాట. ముందు ఫోర్కు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగుతారు. టకటకమంటే వదులు. చక్రాన్ని పక్కలకు ఊపుతారు. ఊగితే అక్కడా బేరింగు పోయినట్టే. గొలుసును వేలితో పైకెత్తుతారు. మరీ జారినా తప్పే, మరీ బిగిసినా తప్పే.

ఇంజను చూస్తారా అంటే చూడరు! క్లచ్చి, గేరుపెట్టె కూడా చూడరు. బండి ఎంత స్పీడు పోతుంది, ఎంత మైలేజీ ఇస్తుంది, రంగు ఎలా మెరుస్తోంది, ఇవేవీ ఆ పరీక్షకు పట్టవు. మగవాళ్ళు బండి గురించి గంటల తరబడి మాట్లాడుకునే సంగతులేవీ అక్కడ అడగరన్నమాట. ఇంజను చెడితే బండి కదలదు, యజమానికి ఆఫీసు ఆలస్యమవుతుంది, అంతేగా! బ్రేకు చెడితే అడ్డొచ్చిన వాడు పోతాడు.

ఇక ఫలితాలు. ఇటీవలి లెక్కల్లో బ్రిటన్‌లో మోటారు సైకిళ్ళు సుమారు ఆరింట ఒకటి మొదటిసారి తప్పుతోంది. కార్లు సుమారు పదింట మూడు తప్పుతాయి. అంటే చదువులో మోటారు సైకిలే నయం. కారణం ఊహించుకోవచ్చు. అక్కడ మోటారు సైకిలు చాలామందికి అవసరం కాదు, ఇష్టం. ఆదివారం పూట తుడుచుకుంటూ కూర్చుంటారు. ఎండ కాసే నాలుగు నెలలు తిప్పి, చలికాలం షెడ్డులో పెడతారు. పైగా దానికి ఉన్న భాగాలూ తక్కువే.

అయినా తప్పిన వాటిని చూస్తే, కారణాల్లో ఎప్పుడూ మొదటి స్థానం దీపాలదే! బల్బు పోవడం, వెనక దీపం వెలగకపోవడం, పక్క దీపం కొట్టుకోకపోవడం. మరీ తరచుగా వచ్చే తప్పు, ముందు దీపం గురి తప్పడం. అంటే వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదుటివాడి కళ్ళల్లో పడటం. మా వాడి బండికొచ్చిన బ్రేకు దీపం తప్పు కూడా ఈ కోవలోదే. కాస్త కొత్త తరం బండ్లలో చేతి బ్రేకు పట్టినా, కాలి బ్రేకు నొక్కినా, రెండిటికీ దీపం వెలగాలి. ఒకదానికి వెలిగి, రెండోదానికి వెలగకపోయినా తప్పిందనే లెక్క. ఇందులో ఒక తమాషా చూడండి. బండి మీద కూర్చున్నవాడికి తన బ్రేకు దీపం జన్మలో కనపడదు. అది వెలుగుతోందో లేదో ఇంకొకరు వెనక నిలబడి చూసి చెప్పాలి.

తర్వాత వచ్చేవి బ్రేకులు, టైర్లు, స్టీరింగు, సస్పెన్షను. బ్రేకు ప్యాడ్లు అరిగిపోవడం, చలికాలమంతా కదలక బ్రేకులు పట్టేయడం. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు తగిలి తుప్పు పట్టడం. ముందు ఫోర్కుల్లోంచి నూనె కారడం. టైరు మీద గాడులు కనీసం ఒక మిల్లీమీటరు లోతు ఉండాలి. ఒక మిల్లీమీటరంటే మన గోరు మందం కంటే కాస్త ఎక్కువేమో! వాన కురిసిన రోడ్డు మీద నీళ్ళు పక్కకు నెట్టేవి ఆ గాడులే. అవి పోతే బండి నీళ్ళ మీద జారుతుంది. ఇంకా కొన్ని కుర్రతనపు తప్పులున్నాయి. షోకు కోసం నెంబరు ప్లేటు చిన్నది వేయించుకోవడం, పొగ గొట్టం మార్చి ఊరంతా అదిరేలా చప్పుడు చేయించడం. వీటికీ మార్కులు లేవు.

2018 మే నుంచి తప్పులకు తరగతులు పెట్టారు. చిన్న తప్పయితే రాసి పంపిస్తారు. పెద్ద తప్పయితే ఫెయిలు. ప్రమాదకరం అని రాశారా, బాగు చేయించే దాకా ఆ బండిని రోడ్డెక్కించకూడదు. ఇవి గాక సలహాలు వేరే ఉంటాయి. "వెనక టైరు అరుగుదల హద్దుకు దగ్గరవుతోంది" అని ముందే చెప్పడం లాంటివి. బాగు చేయించుకుని మళ్ళీ పరీక్షకు వెళ్ళొచ్చు. మన సప్లిమెంటరీ లాంటిదే లెండి.

అయితే బండ్ల తనిఖీకి పుట్టిల్లు బ్రిటన్‌ అనుకునేరు. దానికి దాదాపు వందేళ్ళ ముందే జర్మనీలో దీనికి బీజం పడింది. అదీ మోటారు సైకిలు వల్ల కాదు, బీరు కార్ఖానా వల్ల! 1865లో మన్‌హైమ్‌ అనే ఊళ్ళో ఒక బీరు కార్ఖానాలో ఆవిరి బాయిలరు పేలింది. మర్నాటి ఏడాది ఆ ప్రాంతపు బాయిలర్ల యజమానులే కూడబలుక్కుని ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరి బాయిలరు వాళ్ళే చూసుకుంటే లాభం లేదు, పైనుంచి వేరే మనిషి వచ్చి చూడాలన్నారు. అలాంటి సంఘాలు ఊరూరా పుట్టి, బాయిలర్ల నుంచి మెల్లగా మోటారు బండ్లకు వచ్చాయి. జర్మన్లు వాటిని త్యూఫ్‌ అంటారు. 1951లో అక్కడ బండ్లకు గడువు ప్రకారం తనిఖీ తప్పనిసరి చేశారు. మోటారు సైకిలుకు రెండేళ్ళకోసారి. పాసైతే నెంబరు ప్లేటు మీద గుండ్రటి బొట్టు లాంటి స్టిక్కరు అంటిస్తారు. ఏడాదికో రంగు చొప్పున ఆరు రంగులు తిరుగుతుంటాయి. పోలీసు దూరం నుంచి రంగు చూసే గడువు చెప్పేస్తాడు.

రెండు దేశాలకూ ఒక తేడా ఉంది. బ్రిటన్‌లో పరీక్షించేవాడే బాగు చేసేవాడు కూడా కావచ్చు. జర్మనీ సంఘాల వాళ్ళు తప్పు చెబుతారు గాని స్పానరు పట్టుకోరు. పంతులుగారే ప్రైవేటు చెబితే మార్కుల మీద మనకు అనుమానం రావడం లేదూ? అలాంటి అనుమానం అక్కడా ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో ఫలితాలన్నీ అందరికీ కనపడేలా పెట్టడం మంచిదైందని నాకనిపిస్తుంది. దాచడానికి చోటు లేనప్పుడు తప్పుడు లెక్క రాయడం కష్టం కదా!

మరి బండ్ల వాళ్ళందరూ సంతోషంగా ఒప్పుకున్నారా అంటే, లేదు. ఫ్రాన్సు కథ వినండి. 2014లో యూరపు దేశాల కూటమి పెద్ద మోటారు సైకిళ్ళకు కూడా 2022 నుంచి తనిఖీ ఉండాలని, లేదా దానికి బదులుగా వేరే భద్రతా ఏర్పాట్లు చూపించాలని నిర్దేశించింది. 2021 ఆగస్టులో ఫ్రాన్సు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మోటారు సైకిళ్ళ సంఘం వాళ్ళు భగ్గుమన్నారు. ఆ సంఘం పేరే "కోపంతో ఉన్న మోటారు సైకిలిస్టులు"! ఉత్తర్వు వచ్చిన మర్నాడే అధ్యక్షుడు మాక్రాన్‌ దాన్ని ఆపించారు. చప్పుడూ పొగా భరించలేమన్న పౌర సంఘాలు కోర్టుకెక్కాయి. చివరికి 2022 అక్టోబరులో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం తనిఖీ పెట్టి తీరవలసిందేనంది. 2024 ఏప్రిల్‌ 15 నుంచి ఫ్రాన్సులో చిన్న మోపెడ్‌ దగ్గర నుంచి పెద్ద మోటారు సైకిలు దాకా అన్నిటికీ పరీక్ష మొదలైంది.

వాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. యూరపులో అయిదు దేశాల్లో 921 మోటారు సైకిలు, మోపెడ్‌ ప్రమాదాలను కూలంకషంగా పరిశీలించిన అధ్యయనం ఒకటుంది. బండి చెడిపోవడమే ముఖ్య కారణమైన ప్రమాదాలు నూటికి ఒకటి కూడా లేవని అది తేల్చింది. "మరి మా బండ్ల మీద పడతారేం?" అని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కాని అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. మూడో వంతుకు పైగా ప్రమాదాల్లో ముఖ్య కారణం, ఎదుటి బండివాడు మోటారు సైకిలును గమనించకపోవడం. పరీక్షలో ఎక్కువగా తప్పేది దీపాల దగ్గర, రోడ్డు మీద ఎక్కువగా కొంప ముంచేది కనపడకపోవడం దగ్గర. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టింది ఆ అధ్యయనం కాదు, నేనే. పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న దీపం కూడా ఎదుటివాడి పరధ్యానాన్ని పోగొట్టలేకపోవచ్చు. అయినా చూసేవాడికి చూడగలిగే అవకాశమైనా ఇవ్వాలి కదా మనం!

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మనకూ తనిఖీలు కొత్త కావు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టరును మన తెలుగువాళ్ళు "బ్రేక్‌ ఇన్‌స్పెక్టరు" అంటారు. ఆ ఉద్యోగంలో అన్నిటికంటే ముఖ్యమైన పనేమిటో మన జనం ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి పెట్టిన పేరది! అయితే ఆయన గడువు ప్రకారం చూసేది బస్సులు, లారీలు, ఆటోల వంటి అద్దె బండ్లనే. సొంత మోటారు సైకిలుకు, స్కూటరుకు మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. అది తీరాక ఫిట్‌నెస్‌ చూపించి అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. ఈ లోపల ఏడాది నిండిన దగ్గర నుంచి పొగ పరీక్ష మాత్రం చేయిస్తూ ఉండాలి. బ్రిటన్‌లో మోటారు సైకిలుకు పొగ పరీక్ష లేదు, మిగతావన్నీ చూస్తారు. మనకు పొగ చూస్తారు, మిగతావి పదిహేనేళ్ళ దాకా గడువు పెట్టి చూసేవాళ్ళు లేరు. బండి కొన్నప్పుడు పుట్టిన పిల్ల పదో తరగతి పరీక్ష రాసేసరికి గాని బండికి మొదటి పరీక్ష రాదన్నమాట!

ఇక్కడ మోటారు సైకిలు ఎండాకాలపు సరదా కాదు. మొగుడు ఆఫీసుకు, పిల్లలు బడికి, గ్యాసు సిలిండరు ఇంటికి, అత్తగారు ఆస్పత్రికి, అన్నీ దాని మీదే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో నూటికి నలభై నాలుగు మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద వెళ్ళేవాళ్ళే. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళందరూ బండి బాగాలేక పోయారని కాదు. అంతమంది అంత పలచని రక్షణతో రోడ్డు మీద ఉన్నారని.

వెనక కూర్చునే వాళ్ళను మన చట్టం పూర్తిగా మరిచిపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం మన కోసమే రాశారా అనిపిస్తుంది. వెనక సీటున్న మోటారు సైకిలుకు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆనువు ఉండాలి, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పుతూ బట్టలు చిక్కుకోకుండా అడ్డు ఉండాలి. అదే మనం శారీ గార్డు అనేది. మన చీర చెంగులూ, అమ్మాయిల చున్నీలూ చట్టం దాకా వెళ్ళాయంటే చిన్న సంగతి కాదు. కాని షాపులో బిగించిన గార్డు ఇంటికొచ్చాక ఎన్నాళ్ళుంటుందో చూసేదెవరు? మా పిన్ని ఒకావిడ చెంగు చక్రంలో చుట్టుకుని బండి మీంచి పడింది. ప్రాణం దక్కింది గాని, ఏడాది దాకా మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయింది. రొట్టెల పిండి కూడా ఎడం చేత్తోనే కలిపేది. ఆ బండికి శారీ గార్డు ఉండేది. నట్టు ఊడి చప్పుడు చేస్తోందని విప్పి అటక మీద పెట్టారు. ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చాక చూస్తే, పాత దుప్పట్ల కింద భద్రంగా ఉంది.

ఒక నట్టు! బ్రిటన్‌ పరీక్షల ఫలితాలు నాకు చెప్పినదీ ఇదే. బండ్లు తప్పేది పెద్ద రోగాలతో కాదు. బల్బు, నట్టు, అరిగిన ప్యాడ్డు, నున్నబడిన టైరు, వేలాడే గొలుసు, ఇలాంటి వాటితో. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. చూడటానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. నిజానికి వీటిలో చాలావరకు నడిపేవాడి కంటే వెనక నిలబడ్డ వాళ్ళకే బాగా కనపడతాయి. గ్యాసు ట్యూబుకు పగులొచ్చిందేమో చూసే కన్ను మనది. కుక్కరు మూతలో రబ్బరు వదులైతే విజిలు వినే చెప్పేస్తాం. కుట్టు మిషను బెల్టు జారితే చేత్తోనే తెలుస్తుంది. ఆ కన్నూ చెవీ గుమ్మం దాటి బండి దగ్గరికి ఎందుకు రాకూడదు?

మన ఇళ్ళల్లో అయిదు నిమిషాల పని ఇది. ఆయన బండి మీద కూర్చుని చేతి బ్రేకు పట్టుకోవాలి, తర్వాత కాలి బ్రేకు నొక్కాలి. మీరు వెనక నిలబడి రెండుసార్లూ ఎర్ర దీపం వెలిగిందో లేదో చెప్పాలి. పక్క దీపాలు కొట్టుకుంటున్నాయా చూడాలి. సందె చీకట్లో ముందు దీపాన్ని గోడ మీదికి వేయించి, వెలుగు మరీ పైకి పోతోందా చూడాలి. 2017 ఏప్రిల్‌ నుంచి మన దేశంలో తయారైన రెండు చక్రాల బండ్లకు ఇంజను నడుస్తున్నంత సేపూ ముందు దీపం వెలుగుతూనే ఉండాలి. పగలెందుకీ దీపమని తీగె పీకించిన వాళ్ళుంటే మళ్ళీ పెట్టించాలి. టైరు మీద గాడులున్నాయా, పక్కన పగుళ్ళున్నాయా చూడాలి. గొలుసు ఎంత వేలాడుతోందో చూడాలి, ఇంజను ఆపాకే సుమా, నడుస్తుండగా వేలు పెట్టకండి. కాలి ఆనువు, పిడి, శారీ గార్డు గట్టిగా ఉన్నాయా కదిపి చూడాలి. అమ్మాయిలే స్కూటరు నడిపే ఇళ్ళల్లో అయితే అమ్మ వెనక నిలబడితే సరి.

"నీకు బండి సంగతులేం తెలుసు?" అని ఇంట్లో ఎవరైనా అంటే బార్బరా కాజిల్‌ను తలచుకోండి. బండి నడపడం రాని ఆ ఆవిడ ఒక దేశపు బండ్లన్నిటినీ మూడేళ్ళకే పరీక్షకు నిలబెట్టింది. మనది ఒక్క బండేగా!

దీనికి ప్రత్యేకం ముహూర్తం వెతకనక్కర్లేదు. దసరాకు మనం బండి ఎలాగూ కడుగుతాం. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. నిమ్మకాయ పెట్టడానికి ఎలాగూ వంగుతాం కదా, ఆ వంగినప్పుడే టైరు మీద గాడులు మిగిలాయో లేదో కూడా ఓసారి వేలితో తడిమి చూడండి. కొబ్బరికాయ కొట్టేలోపల వెనక్కి వెళ్ళి, "ఏదీ, బ్రేకు నొక్కండి" అనండి. దీపం వెలిగితే హారతిచ్చేయొచ్చు. వెలగకపోతే ఆ పూటకు ఊరేగింపు మాని, ముందు మెకానిక్‌ షెడ్డుకు పంపండి. పండగ రోజు షెడ్డు మూసి ఉంటుందంటారా? అయితే ముందు రోజే చూడండి మరి!